ఖర్జూరం బార్లు కోస్తే ఉప్మా అయిపోతున్నాయి, తప్పెక్కడ?

విభాగం: వంటిల్లు / తీపి వంటలు

సీతాఫలం (నెల్లూరు)
శనివారం, ఉదయం 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఈసారి రాయక తప్పట్లేదు.

పిల్లలకి వేసవి సెలవులు. సాయంత్రం నాలుగయ్యేసరికి "అమ్మా, ఏముంది?" అంటూ ఇద్దరూ వంటింటి గడప మీద చేరతారు. పోయిన దసరాకి కొన్న ఓటీజీని (19 లీటర్ల చిన్న కరెంటు ఓవెన్, కిందా పైనా వేడి రాడ్లుంటాయి) అట్టపెట్టెలోంచి బయటికి తీసి, ఒక వీడియో చూసి ఖర్జూరం ఓట్స్ బార్లు చేశాను. కింద పిండి పొర, మధ్యలో ఉడికించి మెదిపిన ఖర్జూరం, పైన మళ్లీ పిండి. వీడియోలో ఆవిడ కత్తి ఆనిస్తే చాలు, ఇటుకల్లాగా వచ్చాయి ముక్కలు. నేను కత్తి పెట్టగానే మొత్తం కూలింది. మా ఆయన ప్లేట్లో పెట్టుకుని "ఉప్మా బాగుంది, కాస్త తీపెక్కువైంది" అన్నారు. పిల్లలు పాలు పోసుకుని చెంచాతో తినేశారు.

పట్టు వదలకుండా రెండోసారి చేశాను. పొడి కావడం అలాగే ఉంది, దానికి తోడు అడుగు మాడింది, పైన మాత్రం సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది.

గమనిక: మా అత్తయ్య గుడ్డు తినరు. ఇంట్లో బీటరు గీటరు లాంటివి లేవు. రొట్టెల పిండి కలిపే చెయ్యి మాత్రం ఉంది. దాంతో అయ్యేది చెప్పండి.

అరకప్పు (బెంగళూరు)
శనివారం, ఉదయం 10:58

అక్కా, మా ఏరియాలో మీ ఉప్మానే గ్రానోలా అని గాజు సీసాలో పెట్టి అమ్ముతున్నారు. ధర చెబితే మీ ఆయన ఇంకో ప్లేటు వేసుకుంటారు.

తూకంరాయి (హైదరాబాద్)
శనివారం, ఉదయం 11:20

సీతాఫలం గారూ, ముందు కొన్ని ప్రశ్నలు. రోగం తెలియకుండా మందు రాయలేం కదా.

టిన్ను ఎంత, ఏ ఆకారం, లోపల నలుపా తెలుపా? పిండి కప్పుతో కొలిచారా, తూచారా? ఆ కప్పు ఏ కప్పు? వీడియోలో చెప్పినంత వెన్న వేశారా (నిజం చెప్పాలి)? ఓటీజీలో ఏ మెట్టు మీద పెట్టారు, ఏ రాడ్ వెలిగింది? తీశాక ఎంతసేపటికి కోశారు?

సీతాఫలం
శనివారం, మధ్యాహ్నం 12:05

ఇంటర్వ్యూలా ఉంది, అయినా చెబుతాను.

టిన్ను గుండ్రంది, 9 అంగుళాలు, నల్లది. వీడియోలో వాడింది 8 అంగుళాల చదరం. అది నా దగ్గర లేదు. పిండి టీ కప్పుతో కొలిచాను. మైదా బదులు గోధుమ పిండి. వెన్న 130 గ్రాములని చెప్పింది ఆవిడ. అంత వెన్న చూస్తే గుండె ఝల్లుమంది, 60 వేశాను. అన్నిటికంటే కింది మెట్టు మీద పెట్టాను. కింది రాడ్ ఒక్కటే వేశాను, కాలేది కిందనుంచే కదా అని. తియ్యగానే కోశాను. పిల్లలు గడప మీద ఉన్నారని చెప్పాను కదా.

తూకంరాయి
శనివారం, మధ్యాహ్నం 12:51

దొరికింది. ఒక్కొక్కటే చూద్దాం.

టిన్ను మీద అనుమానం అక్కర్లేదు. 9 అంగుళాల గుండ్రం విస్తీర్ణం దాదాపు 64 చదరపు అంగుళాలు. 8 అంగుళాల చదరం కూడా 64. రెండూ ఒకటే, కొలతలు మార్చకుండా పోసుకోవచ్చు. కాకపోతే గుండ్రంలో అంచు ముక్కలు సమోసా ఆకారంలో వస్తాయి, అంతే. అదే 9 అంగుళాల చదరం అయితే 81. దానిలో ఇదే పిండి పరిస్తే పల్చబడి పది నిమిషాల ముందే ఎండిపోతుంది. చాలామంది బోల్తా పడేది అక్కడ. మీరు కాదు.

అసలు దెబ్బ వెన్న దగ్గర. కేకులో గుడ్డు, మైదాలోని జిగురు కలిసి కట్టుకుంటాయి. బార్‌లో గుడ్డు లేదు, పిండిని పిసకం, నీళ్లు పొయ్యం. మరి పొడిపిండిని పట్టి ఉంచేది ఏమిటి? వెన్నే. సిమెంటు సగం తగ్గించి గోడ కట్టారు, కూలింది. పైగా గోధుమ పిండి మైదా కంటే ఎక్కువ తడి పీలుస్తుంది. టీ కప్పు ముంచి నొక్కి తీస్తే 120 గ్రాములు పడాల్సిన చోట 150 పడుతుంది. సిమెంటు తగ్గింది, ఇసుక పెరిగింది.

ఆరోగ్యం కోసం వెన్న తగ్గించాలనిపిస్తే ముక్క చిన్నది కోసుకోండి. 16 ముక్కల చోట 25 చెయ్యండి. బార్‌లో వెన్న తగ్గించడం ఇల్లు కడుతూ పునాది దగ్గర డబ్బు మిగుల్చుకోవడం లాంటిది.

మాడడం సంగతి: కింది రాడ్ ఒక్కటే, కింది మెట్టు, నల్ల టిన్ను. ఇన్ని పెట్టాక మాడకపోతే ఆశ్చర్యపోవాలి. చిన్న ఓటీజీలో రాడ్ టిన్నుకి జానెడు దూరంలో కూడా ఉండదు. మధ్య మెట్టు, రెండు రాడ్లు, 175 డిగ్రీలు, ముందుగా పది నిమిషాలు ఖాళీగా వేడి చేయడం. నల్ల టిన్ను వేడిని గబగబా లాగేస్తుంది కాబట్టి 180 అన్నచోట మీరు 170 పెట్టుకోవచ్చు. చివరి ఐదు నిమిషాలు పై రాడ్ ఒక్కటే ఉంచితే రంగు వస్తుంది.

రాత్రికి కొలతలు రాస్తాను.

దిబ్బరొట్టె (అమలాపురం)
శనివారం, సాయంత్రం 4:10

అమ్మాయ్, ఆ బాబు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. నాకు ఓవెన్ లేదు గానీ నీ తప్పు నాకు వేరే చోట కనిపిస్తోంది. తియ్యగానే కోశానన్నావే, అక్కడ.

నువ్వు అలా ఎందుకు కోశావో కూడా చెప్పగలను. మనం చిన్నప్పటినుంచి చూసిన ముక్కలు కోసే తీపి అంటే పల్లీపట్టీ, మైసూర్‌పాక్. అవి వేడి మీదే కొయ్యాలి. పల్లీపట్టీ పాకం పళ్లెంలో పోసి, అప్పడాల కర్రతో అదిమి, చెయ్యి కాలుతుంటే ఊదుకుంటూ గాట్లు పెడతాం. చల్లారాక పెడదాంలే అనుకుంటే సుత్తి తెచ్చుకోవాలి. మా అమ్మ అయితే పాకం దించేవేళకి ఇంట్లో ఎవర్నీ పలకరించనిచ్చేది కాదు. నీళ్లున్న పళ్లెంలో చుక్క వేస్తే ఉండ కట్టాలి, ఆ ఉండని పళ్లెం అంచుకి కొడితే ఠంగుమని మోగాలి. మోగిందా, పల్లీలు పోసేయడం, కలపడం, పరవడం, గాట్లు, అంతా రెండు నిమిషాల పని. ఎవరైనా వీధిలోంచి పిలిచినా పలకకూడదు.

ఆ అలవాటు మన చేతిలో ఉండిపోయింది. మా కోడలు హైదరాబాద్‌లో ఈ బార్లేవో చేసినప్పుడు నేనూ చాకు పట్టుకుని నిలబడ్డాను. "అత్తయ్యా, రెండు గంటలు ఆగాలి" అంది. రెండు గంటలు ఆగి కోసే తీపి ఏం తీపి అనుకున్నాను. ఆగాక చక్కగా తెగింది.

తూకంరాయి
శనివారం, సాయంత్రం 4:33

పెద్దమ్మగారూ, నేను ఆ ప్రశ్న వేసి కూడా జవాబు రాయడం మర్చిపోయాను. అసలు విషయం మీరే పట్టుకున్నారు.

పట్టీని పట్టి ఉంచేది పాకం. వేడిగా ఉన్నప్పుడు సాగుతుంది, చల్లారితే గాజు. అందుకే గాజు కాకముందే గాట్లు. బార్‌ని పట్టి ఉంచేది వెన్న. వేడిగా ఉన్నప్పుడు అది నూనెలా కరిగి ఉంటుంది, అప్పుడు కత్తి పెడితే పట్టుకునేది ఏదీ ఉండదు. చల్లారితే వెన్న గడ్డకట్టి పిండిని బిగిస్తుంది. రెండూ పళ్లెంలో పరిచి ముక్కలు కోసేవే, కోసే వేళ మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

నెల్లూరులో మే నెలలో అయితే గది వేడికి వెన్న గట్టిపడదు. బయట గంట ఆరనిచ్చి, తర్వాత గంట ఫ్రిజ్‌లో పెట్టండి.

కాల్గరీ_చలి (కెనడా)
శనివారం, రాత్రి 9:15

మాకు ఆ బాధ లేదు. చలికాలంలో ట్రే తీసుకెళ్లి గరాజ్‌లో పెడితే పావుగంటలో రాయి. ఒకసారి మర్చిపోయి పొద్దున చూస్తే నిజంగానే రాయి.

సీతాఫలం గారు చేసింది ఇక్కడ ప్రతి బేకరీలో ఉంటుంది, డేట్ స్క్వేర్ అంటారు. తమాషా ఏమిటంటే ఈ పశ్చిమ కెనడా వైపు పాతకాలం వాళ్లు దాన్ని మ్యాట్రిమోనియల్ కేక్ అంటారు. మొదటిసారి చర్చి అమ్మకంలో ఆ పేరు చూసి ఎవరి పెళ్లో అనుకున్నా. ఆ పేరెలా వచ్చిందని అడిగితే తలో కథ చెబుతారు. నాకు నచ్చింది: కింద పొర గట్టిగా, పై పొర గరుగ్గా, మధ్యలో తీపి, సంసారం అలాగే ఉంటుందని.

ఇంకో మాట. ఈ ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. కేకులు పొంగి పొంగి మధ్యలో కుంగిపోతాయి, నేను మూడు పారేశాను. బార్లకి ఆ గొడవ లేదు. పొంగాల్సిన వస్తువు కాదు కాబట్టి కుంగడమూ ఉండదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కేకు కంటే ముందు బార్ చేయాలని నేనెందుకు అంటానో ఇదీ కారణం.

తూకంరాయి
శనివారం, రాత్రి 10:02

మాట ఇచ్చాను కాబట్టి కొలతలు. 8 అంగుళాల చదరానికి, లేదా సీతాఫలం గారి గుండ్రానికి.

గింజ తీసిన ఖర్జూరం 250 గ్రాములు, నీళ్లు ఒక కప్పు (240 మి.లీ.). సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడికించి గరిటెతో మెదిపితే జామ్ అవుతుంది. కాస్త నిమ్మరసం పిండండి, ఖర్జూరం మొద్దు తీపి విరుగుతుంది. ఇది బాగా చల్లారాలి. వేడిగా పరిస్తే కింద పొరలోని వెన్న కరిగి బయటికి కారుతుంది.

గోధుమ పిండి 120, ఓట్స్ 120, బెల్లం పొడి 100, వంటసోడా పావు చెంచా, కరిగించిన వెన్న 130. మామూలు పసుపు ప్యాకెట్ అమూల్ వెన్నలో ఉప్పు ఉంటుంది, వేరే ఉప్పు వద్దు. ఓట్స్ పెద్ద రేకులైతే మిక్సీలో ఒక్కసారి అని ఆపండి. పొడి కాకూడదు, విరగాలి, అంతే. అన్నీ కలిపి పిడికిట్లో నొక్కి చూడండి. ముద్దగా నిలబడాలి, వేలితో తోస్తే విరగాలి. నిలబడకపోతే ఒక చెంచా వెన్న.

సగం కంటే కొంచెం ఎక్కువ తీసుకుని టిన్నులో పరిచి, స్టీలు గ్లాసు అడుగుతో గట్టిగా అదమండి. ఇక్కడ మొహమాటం వద్దు. పైన ఖర్జూరం, ఆపైన మిగిలింది చల్లి అరచేత్తో మెల్లగా ఒత్తడం. 175లో 35 నుంచి 40 నిమిషాలు. అంచులు బెల్లం రంగుకి రావాలి.

టిన్నులో కాగితం వేసి రెండు వైపులా చెవుల్లా బయటికి వదలండి. చల్లారాక ఆ చెవులు పట్టుకుని మొత్తం పైకి లేపొచ్చు, టిన్నులో కత్తి పెట్టే పని ఉండదు.

మౌనపాఠకురాలు
శనివారం, రాత్రి 10:30

కాగితం విషయంలో ఒక జాగ్రత్త. షాపులో బటర్ పేపర్ అని అడిగితే ఒక్కోసారి మైనం పూసింది ఇస్తారు. నాది ఓవెన్‌లో పొగ వచ్చి ఇల్లంతా కొవ్వొత్తుల వాసన. అదీ బార్‌కి అంటుకుపోయింది, పిల్లలు కాగితంతో సహా నమిలారు. గోటితో గీరితే తెల్లగా మైనం లేస్తే అది ఓవెన్‌కి పనికిరాదు. బేకింగ్ పేపర్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

రెండేళ్లుగా చదువుతున్నా, ఇదే నా మొదటి రాత.

ఫ్రిస్కో_పిన్ని (టెక్సాస్)
ఆదివారం, ఉదయం 7:48

మౌనపాఠకురాలు మాట్లాడింది, ఇక వాన పడుతుంది!

అందరూ ఖర్జూరం చుట్టూ తిరుగుతున్నారు గానీ అంత పని కూడా అక్కర్లేనిది ఒకటుంది. ఇక్కడ పాట్‌లక్‌లకి (తలా ఒక వంట చేసి తెచ్చుకునే విందులు) ఇరవయ్యేళ్లుగా నన్ను కాపాడుతున్నది మ్యాజిక్ బార్. ఏడు పొరల బార్ అని కూడా అంటారు. గిన్నె లేదు, గరిటె లేదు, కలపడమే లేదు. టిన్నులో బిస్కెట్ల పొడి, వెన్న, దాని మీద చాక్లెట్ ముక్కలు, కొబ్బరి, పప్పులు, పైనుంచి కండెన్స్‌డ్ మిల్క్. ఓవెన్‌లో ఆ పాలు చిక్కబడి అన్నిటినీ పట్టేస్తాయి. గుడ్డు ఊసే లేదు. మన కొబ్బరి లౌజుకి చాక్లెట్ దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

ఇక్కడ గ్రాహం క్రాకర్స్ అనే బిస్కెట్లు వాడతారు. పోయినసారి హైదరాబాద్ వచ్చినప్పుడు మా చెల్లి ఇంట్లో ఉస్మానియా బిస్కెట్లతో చేశాను. ఇక చెప్పను! వాటిలో ఆ ఉప్పూ తీపీ కలిసిన రుచి ఉంటుంది చూడండి, కండెన్స్‌డ్ మిల్క్ తీపిని అదే లాగి పట్టుకుంటుంది. మారీ బిస్కెట్లతో కూడా అవుతుంది కానీ చప్పగా ఉంటుంది.

ఉస్మానియా బిస్కెట్ల పొడి 130 గ్రాములు, కరిగించిన వెన్న 60, అదిమి పరవాలి. చాక్లెట్ ముక్కలు 100, ఎండుకొబ్బరి తురుము 60, జీడిపప్పు పలుకులు 60, కండెన్స్‌డ్ మిల్క్ 200 గ్రాములు, అంటే డబ్బాలో సగం. 175లో 25 నిమిషాలు. పాలు అంచుల్లో త్వరగా మాడతాయి కాబట్టి టిన్ను గోడల దాకా పొయ్యకుండా అంగుళం ఇవతలే ఆపండి, అదే పాకుతుంది. పచ్చికొబ్బరి వద్దు. తడి వదులుతుంది, మర్నాటికే పాడవుతుంది.

నిమ్మకాయ బార్లు ఇంకా ఇష్టం నాకు, కానీ వాటిలో గుడ్లు తప్పవు, మీ అత్తగారు ఒప్పుకోరు.

దిబ్బరొట్టె
ఆదివారం, ఉదయం 8:20

కలపకుండా అయ్యే వంట ఇదే వినడం.

అరకప్పు
ఆదివారం, ఉదయం 9:40

పిన్నీ, మరమరాలతో కూడా అక్కడ బార్లు చేస్తారట కదా, ఆఫీసులో ఎవరో తెచ్చారు.

ఫ్రిస్కో_పిన్ని
ఆదివారం, ఉదయం 10:05

రైస్ క్రిస్పీ ట్రీట్స్. కెలాగ్స్ కంపెనీ వంటశాలలోనే 1939లో పుట్టింది. మార్ష్‌మాలో (దూదిలా మెత్తగా ఉండే తీపి ముక్కలు) కరిగించి, పేలాల్లాంటి రైస్ క్రిస్పీస్ గింజలు కలిపి పరచడమే. మన మరమరాల ఉండ అన్నమాట, బెల్లం పాకం చోట మార్ష్‌మాలో.

శాకాహారులు చూసుకోవాల్సింది ఒకటుంది. మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసేది. మా పెద్దది ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నాకు తెలియదు. స్కూల్ అమ్మకానికి నలభై చేశాను, వచ్చిన మన పిల్లలందరికీ తలా ఒకటి పంచాను. తెలిశాక రెండు నెలలు ఆ తల్లులకి ఎదురుపడలేదు. జెలటిన్ లేనివి కూడా దొరుకుతాయి, డబ్బా వెనక చదివి కొనాలి.

సీతాఫలం
ఆదివారం, ఉదయం 10:20

మరమరాలు అంటే మా బొరుగులే కదా?

దిబ్బరొట్టె
ఆదివారం, ఉదయం 10:24

మీకు బొరుగులు, మాకు మరమరాలు. పాకం మాత్రం ఇద్దరికీ ఠంగుమనాల్సిందే.

పచ్చజొన్న (కర్నూలు)
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఇన్ని చెబుతున్నారు, అందరూ వెన్న, చాక్లెట్, డబ్బా పాలు! పిల్లలకి పెట్టేవేనా ఇవి? బెల్లం, ఖర్జూరం వేసుకుంటే ఎంత తిన్నా ఏమీ కాదు. మా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు కూడా బెల్లం తింటారు.

తూకంరాయి
ఆదివారం, మధ్యాహ్నం 1:40

"ఎంత తిన్నా ఏమీ కాదు" అన్నచోట ఆగాలండి. బెల్లమూ చక్కెరే, ఖర్జూరంలో ఉన్నదీ ఎక్కువ భాగం చక్కెరే. పీచు, ఖనిజాలు కొంచెం తోడుగా వస్తాయి, రుచి బాగుంటుంది, నేనూ బెల్లమే రాశాను. కానీ షుగర్ ఉన్నవాళ్ల రక్తానికి అది బెల్లమా పంచదారా అన్న తేడా పెద్దగా తెలియదు. వాళ్లు తినాలా వద్దా అన్నది వాళ్ల డాక్టర్‌ని అడగాల్సిన మాట, మనం తేల్చేది కాదు.

పచ్చజొన్న
ఆదివారం, మధ్యాహ్నం 1:52

మా తాత తొంభై ఏళ్లు బెల్లం తిని బతికాడు.

అరకప్పు
ఆదివారం, మధ్యాహ్నం 1:55

తాతగారు రోజుకి ఎన్ని ఎకరాలు దున్నేవారో కూడా చెప్పండి. నేను కుర్చీ మాత్రమే దున్నుతున్నాను.

నిర్వాహకులు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

తాతల్ని వదిలేసి టిన్నులోకి రండి. పచ్చజొన్న గారూ, జొన్నపిండితోనో రాగిపిండితోనో బార్లు చేసి ఉంటే రాయండి, చాలామంది అడుగుతున్నారు.

పచ్చజొన్న
ఆదివారం, మధ్యాహ్నం 3:30

సరే. రాగిపిండితో చేశాను. మొత్తం రాగి వేస్తే నిలవదు, జిగురు లేదు కాబట్టి ఇసుకే. సగం రాగి, సగం గోధుమ పిండి వేస్తే నిలుస్తుంది. రాగిపిండిని ముందు పొడి మూకుడులో వాసన వచ్చేదాకా వేయించాలి, లేకపోతే పచ్చి వాసన పోదు. చాక్లెట్‌తో రాగి బాగా కలుస్తుంది, రంగు కూడా కలిసిపోతుంది, పిల్లలకి తెలియను కూడా తెలియదు. (అవును, చాక్లెట్ వేశాను.)

అరకప్పు
ఆదివారం, సాయంత్రం 5:00

ఓవెన్ లేని అభాగ్యుల సంగతి ఎవరూ అడగరా? ఐదు లీటర్ల కుక్కర్‌లో ప్రయత్నించా. గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున అంగుళం మందం ఉప్పు పోసి, దాని మీద స్టాండు, మూత పెట్టి పది నిమిషాలు వేడి చేశాక టిన్ను దించాను. సన్న మంట, 45 నిమిషాలు. లోపల బాగానే కాలింది. పైన రంగు రాలేదు, పైగా మూత నుంచి నీటి బొట్లు పడి మచ్చలు. ఆ ఉప్పు కూరలో వెయ్యకండి, విడిగా దాచి మళ్లీ దీనికే వాడుకోవచ్చు.

దిబ్బరొట్టె
ఆదివారం, సాయంత్రం 6:12

బాబూ, రంగు ఎలా వస్తుంది, సెగ కిందనుంచే కదా. నా పేరు దిబ్బరొట్టె అని ఊరికే పెట్టుకోలేదు. మా అత్తగారు మినపరొట్టె కాల్చేటప్పుడు మందపాటి ఇత్తడి గిన్నెలో పిండి పోసి, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు వేసేవారు. కిందా పైనా సమానంగా ఎర్రగా, అర అంగుళం పెచ్చుతో వచ్చేది రొట్టె. మీరు వేలు పోసి కొంటున్న రెండు రాడ్ల పెట్టె చేసే పని అదేగా. నిప్పులు లేకపోతే నీకు ఇంకో దారి: మందపాటి ఇనప పెనం పక్క పొయ్యి మీద బాగా కాల్చి, ఆఖర్న మూత తీసి ఆ పెనాన్ని గిన్నె మీద బోర్లించు. పట్టకారు, మందపాటి గుడ్డ, జాగ్రత్త. మచ్చలూ ఆరతాయి, రంగూ వస్తుంది.

అరకప్పు
ఆదివారం, రాత్రి 8:47

పెద్దమ్మా, పనిచేసింది. రంగు వచ్చింది. వేలు కూడా కొంచెం రంగు మారింది.

సీతాఫలం
మంగళవారం, రాత్రి 9:30

నివేదిక సమర్పిస్తున్నాను.

సోమవారం ఖర్జూరం బార్. కిరాణా కొట్టతన్ని బతిమాలి వెన్న, ఓట్స్ అక్కడే కాటా మీద తూయించుకొచ్చాను, పిండి కూడా ఇంటినుంచి తీసుకెళ్లి. అతను "ఇంట్లో కాటా లేకపోతే ఇలాంటివెందుకమ్మా" అన్నాడు. 130 గ్రాముల వెన్న కళ్లు మూసుకుని పోశాను. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడింది, అప్పుడే సగం ధైర్యం వచ్చింది. స్టీలు గ్లాసుతో అదుముతుంటే మా పెద్దోడు "రోడ్డు రోలరు" అని వాడే లాక్కుని మిగతాది పూర్తిచేశాడు. అంత సమంగా నేను కూడా చేసేదాన్ని కాదు.

22వ నిమిషంలో కరెంటు పోయింది. నాకు టెన్షన్. తలుపు తెరవాలా వద్దా తెలియలేదు, తెరవలేదు. పన్నెండు నిమిషాలకి వచ్చింది. వచ్చాక ఇంకో ఇరవై నిమిషాలు పెట్టాను, చివర్లో పై రాడ్. ఏమీ కాలేదు, అంచు మాత్రం కాస్త గట్టిపడింది. ఆ అంచు ముక్కలే నాకు బాగా నచ్చాయి.

అసలు కష్టం తర్వాత మొదలైంది. ఇల్లంతా వాసన. గంట ఫ్యాన్ కింద, గంట ఫ్రిజ్‌లో. ఫ్రిజ్ తలుపు మీద "అమ్మ చెప్పేదాకా తెరవొద్దు" అని కాగితం అంటిస్తే, చిన్నోడు దాని కింద "ఎప్పుడు చెబుతావు" అని రాశాడు. కాగితం చెవులు పట్టి లేపితే మొత్తం పలకలా పైకి వచ్చింది. కత్తి దించినప్పుడు ముందు చప్పుడు విన్నాను, సన్నగా కరకర, తర్వాత మధ్యలో మెత్తగా, మళ్లీ కరకర. ముక్క పక్కకి జరిపితే మూడు పొరలూ గీత గీసినట్టు కనిపించాయి. మా ఆయనకి ప్లేట్లో పెట్టి ఇస్తే చెంచా అడిగారు. అలవాటట.

అత్తయ్య ఒకటి తిన్నారు, ఏమీ అనలేదు. కాసేపాగి ఇంకోటి తిన్నారు. "రెండు యాలకులు దంచి వేసి ఉంటే మనిషి తినేదిలా ఉండేది" అన్నారు. మా ఇంట్లో దానికంటే పెద్ద మెప్పు ఉండదు.

ఈరోజు ఉస్మానియా బిస్కెట్లతో మ్యాజిక్ బార్ కూడా చేశాను. పిన్ని చెప్పినట్టే, కలపడం లేదు. ఫ్రిజ్‌లో తప్ప బయట నిలవట్లేదు, చాక్లెట్ కరిగి వేళ్లకి అంటుతోంది. అలా అంటడమే బాగుందట మా వాళ్లకి.

తూకంరాయి
మంగళవారం, రాత్రి 9:44

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకపోవడం సరైన పని. కాటా ఒకటి కొనండి, ఆ కొట్టతను మాట అనకముందే కొనాల్సింది.

ఫ్రిస్కో_పిన్ని
మంగళవారం, రాత్రి 9:58

సంతోషం తల్లీ! అన్నట్టు, డబ్బాలో సగమే పడుతుంది కదా. మిగిలిన సగాన్ని స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టు, తెరిచిన డబ్బాలో ఉంచకు. వారం లోపల వాడెయ్యి.

సీతాఫలం
మంగళవారం, రాత్రి 10:11

గిన్నెలోకి మార్చే అవసరం రాలేదు పిన్నీ. చిన్నోడికి చెంచా దొరికింది.

దిబ్బరొట్టె
మంగళవారం, రాత్రి 10:15

ఒక్కడే తిన్నాడా?

సీతాఫలం
మంగళవారం, రాత్రి 10:19

డబ్బా పట్టుకుంది అత్తయ్య.